తెలుగు టీవీ న్యూస్ రీడర్, రచయిత: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో వార్తలు చదివే ఉద్యోగం చేస్తూ పుస్తకాలు కూడా రాయాలనుకునే వారు పదే పదే అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబు సరిపోతుంది. ఉచ్చారణ, స్క్రిప్టు, పుస్తకం అచ్చు వంటి వాటికి మాత్రం వివరం కావాలి, అందుకే అక్కడ ఎక్కువ రాశాం.

తెలుగు టీవీలో మొట్టమొదట వార్తలు చదివింది ఎవరు?

శాంతి స్వరూప్. 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివారు. హైదరాబాద్ కేంద్రం 1977లోనే మొదలైంది కానీ, తెలుగులో వార్తలు రావడానికి మరో ఆరేళ్లు పట్టింది. ఆయన 2011లో పదవీ విరమణ చేశారు, 2024 ఏప్రిల్ 5న హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. ఆయన భార్య రోజారాణి కూడా దూరదర్శన్‌లో వార్తలు చదివారు. రిమోట్ తిప్పడానికి మరో ఛానల్ లేని రోజుల్లో, సాయంత్రం వార్తలంటే ఊరి పంచాయతీ ఆఫీసు ముందు చేరిన జనానికి ఆ ముఖమే.

ప్రాంప్టర్ (చదవాల్సిన అక్షరాలను కెమెరా ముందే చూపే తెర) లేకుండా శాంతి స్వరూప్ పదేళ్లు చదివారంటారు. అదెలా సాధ్యం?

కాగితం చూసి, తలెత్తి, కెమెరాకు చెప్పడం. వినడానికి తేలికే కానీ, దానికి ఒక పద్ధతి ఉంది. ఇప్పటికీ ప్రాంప్టర్ ఆగిపోయినప్పుడు మిమ్మల్ని కాపాడేది అదే, కాబట్టి నేర్చుకుని ఉంచుకోండి.

ప్రతి వార్తలో మొదటి వాక్యం పూర్తిగా కంఠస్థం చేయాలి. ఆ వాక్యం కెమెరాకే చెప్పాలి. తర్వాతి వాక్యాల్లో సగం కాగితం మీద చూసి, వాక్యం చివరికొచ్చేసరికి కళ్లు పైకెత్తాలి. ఎందుకు చివర్లోనే అంటే, తెలుగులో క్రియ చివర వస్తుంది. 'బస్సు బోల్తాపడిన ప్రమాదంలో ఇద్దరు' అన్నంత వరకూ ప్రేక్షకుడికి ఏమీ తెలియదు. గాయపడ్డారా, మరణించారా అన్నది చివరి మాటలోనే ఉంది. ఆ మాట అనేటప్పుడు తల దించుకుని ఉంటే వార్త నేలపాలైనట్టే. కళ్లు కిందికి వెళ్లినప్పుడు చదువుతున్న వరస తప్పకుండా ఎడమ బొటనవేలు కాగితం అంచున వరస పక్కనే జరుగుతూ ఉండాలి. ఒక కాగితానికి ఒకే వార్త, ఒకవైపే అచ్చు, పిన్ను కొట్టకూడదు. పిన్ను ఉంటే పేజీ తిప్పే చప్పుడు మైకులో పడుతుంది. పిన్ను లేకపోతే చదివిన కాగితాన్ని నిశ్శబ్దంగా పక్కకు జరపవచ్చు.

శాంతి స్వరూప్ రచయిత కూడానా?

అవును. నవలలు రాశారు. 'రాతి మేఘం' భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద, 'క్రేజ్' క్రికెట్ పిచ్చి మీద, 'అర్ధాగ్ని' సతీసహగమన దురాచారానికి వ్యతిరేకంగా. భోపాల్‌లో విషవాయువు లీకైంది 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి. అప్పటికి తెలుగు టీవీ వార్తలు మొదలై ఏడాది మాత్రమే అయింది. బులెటిన్‌లో వార్త నిమిషమో రెండు నిమిషాలో ఉంటుంది, మర్నాడు మరో వార్త వస్తుంది. ఆ నిమిషంలో చెప్పలేకపోయినదంతా చెప్పడానికి నవల చోటిస్తుంది. న్యూస్ రీడర్‌కు రాయాలన్న కోరిక ఎక్కడ పుడుతుందో ఈ మూడు పుస్తకాల వస్తువులు చూస్తే తెలిసిపోతుంది.

రేడియోలోనూ ఇలాంటి వారు ఉన్నారా?

టీవీకి ముందు తెలుగు వార్తలంటే ఆకాశవాణే. సినీ నటుడు కొంగర జగ్గయ్య అక్కడ వార్తలు చదివినవారే, రచనలూ చేశారు. జోలెపాళెం మంగమ్మ తెలుగులో తొలి మహిళా న్యూస్ రీడర్‌గా పేరు పొందారు. అల్లూరి సీతారామరాజు మీద పరిశోధించి పుస్తకం రాశారు. చదవడం, రాయడం రెండూ ఒకే మనిషిలో ఉండటం మన దగ్గర కొత్తేమీ కాదు.

న్యూస్ రీడర్, యాంకర్ ఒకటేనా?

కాదు. న్యూస్ రీడర్ సిద్ధంగా ఉన్న బులెటిన్‌ను చదువుతారు. యాంకర్ చదువుతారు, ఫోనోలు (రిపోర్టరుతో ఫోన్‌లో లైవ్ సంభాషణలు) తీసుకుంటారు, రిపోర్టరును ప్రశ్నిస్తారు, చర్చ నడుపుతారు. దూరదర్శన్‌లో మొదటిది ఎక్కువ. ఈటీవీ2, టీవీ9 లాంటివి 2003, 2004 ప్రాంతంలో వచ్చి 24 గంటల వార్తలు అలవాటు చేశాక రెండోది పెరిగింది. కొత్తగా వచ్చేవారు మొదట రీడింగ్ బాగా నేర్చుకోవాలి. చదవడం రాకుండా నేరుగా చర్చల్లోకి దిగినవారి భాషలో ఆ లోటు ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉంటుంది.

ఏం చదువుకోవాలి?

ఏదైనా డిగ్రీ ఉంటే చాలు. జర్నలిజం చదవాలనుకుంటే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆ శాఖ 1954 నుంచి ఉంది. తెలుగు విశ్వవిద్యాలయంలోనూ జర్నలిజం కోర్సులున్నాయి. పత్రికలు, ఛానళ్లు నడిపే జర్నలిజం స్కూళ్లు రాతపరీక్ష పెట్టి తీసుకుంటాయి. వాటిలో శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇచ్చేవీ ఉన్నాయి, కానీ తర్వాత ఇన్నేళ్లు పనిచేయాలని ఒప్పందం రాయించుకుంటారు. సంతకం పెట్టేముందు మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చూసుకోండి. డబ్బు తీసుకుని మూడు నెలల్లో యాంకర్ని చేస్తామనే ఇన్‌స్టిట్యూట్లలో చేరేముందు ఒక్కటే అడగండి: వారానికి ఎన్ని గంటలు కెమెరా ముందు కూర్చోబెడతారు? స్పష్టమైన జవాబు రాకపోతే చేరకండి.

దూరదర్శన్ యాదగిరిలో ఎలా చేరాలి?

2014 తర్వాత దూరదర్శన్ ఛానళ్లు తెలంగాణకు యాదగిరి, ఆంధ్రప్రదేశ్‌కు సప్తగిరి అయ్యాయి. హైదరాబాద్ కేంద్రం రామంతాపూర్‌లో ఉంది. న్యూస్ రీడర్లను ఎక్కువగా క్యాజువల్ పద్ధతిలో ప్యానెల్‌కు తీసుకుంటారు. అంటే నెల జీతం కాదు, డ్యూటీకి ఇంత అని. ఆ డ్యూటీలు కూడా నెలకు కొద్ది రోజులే పడతాయి కాబట్టి దీన్నే బతుకుతెరువుగా లెక్క వేసుకోవద్దు. దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్ వస్తుంది.

సాధారణంగా మొదట రాతపరీక్ష ఉంటుంది. వర్తమాన విషయాలు, ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదం అడుగుతారు. తర్వాత వాయిస్ టెస్ట్, కెమెరా టెస్ట్. చాలామంది గొంతు మీద నమ్మకంతో వెళ్లి అనువాదం దగ్గరే ఆగిపోతారు. రోజుకో ఇంగ్లిష్ వార్తను పది నిమిషాల్లో తెలుగులోకి మార్చి, దాన్ని పైకి చదివి, నోరు తిరగని చోట మళ్లీ రాయండి. రెండు నెలలు ఇలా చేస్తే తేడా మీకే తెలుస్తుంది.

ప్రైవేటు ఛానల్ ఆడిషన్‌కు ఏం పట్టుకెళ్లాలి?

రెండు నిమిషాల వీడియో. అందులో నాలుగు ముఖ్యాంశాలు, ఒక విషాద వార్త, ఒక మామూలు వార్త, చివర ముప్పై సెకన్లు కాగితం లేకుండా ఏదైనా విషయం చెప్పడం. నేపథ్య సంగీతం పెట్టవద్దు, ఫిల్టర్లు వద్దు. చూసేవారు మొదటి పదిహేను సెకన్లలోనే మీ ఒత్తులు వింటారు. ఆడిషన్‌లో చేతికిచ్చే స్క్రిప్టులో కావాలనే కష్టమైన పేర్లు, పెద్ద అంకెలు పెడతారు. తప్పు చదివితే నవ్వకుండా, 'క్షమించాలి' అని సరిచేసి ముందుకు వెళ్లండి. తప్పుకంటే దాని తర్వాతి మూడు సెకన్లనే ఎక్కువగా చూస్తారు.

ఉచ్చారణలో ఎక్కువ మంది ఎక్కడ తప్పు చేస్తారు?

ఒత్తక్షరాల దగ్గర. ఇది ముచ్చట కోసం చెప్పే మాట కాదు, ఒత్తు పోతే అర్థమే మారిపోతుంది. ప్రధానం అంటే ముఖ్యమైనది, ప్రదానం అంటే ఇవ్వడం. 'ప్రదాన మంత్రి' అన్నారంటే ఇచ్చే మంత్రి అయ్యారు. మధ్య అంటే నడుమ, మద్యం అంటే సారా. 'రెండు రాష్ట్రాల మద్య ఒప్పందం' అని చదివితే ఎక్సైజ్ శాఖ వార్తలా వినిపిస్తుంది. అర్థం వేరు, అర్ధం వేరు. అర్ధరాత్రిలో ఉన్నది సగం, అర్థమైందిలో ఉన్నది భావం. ఈ మూడు జంటలూ ఏ బులెటిన్‌లోనైనా రోజుకు పదిసార్లు తగులుతాయి.

రెండోది 'ఫ'. ఫలితాలు అన్నప్పుడు రెండు పెదాలూ కలిసి విడిపోవాలి. పై పళ్లు కింది పెదవికి తగిలితే ఇంగ్లిష్ ధ్వని వస్తుంది. ఎన్నికల ఫలితాల రోజున ఈ తప్పు గంటకు వందసార్లు వినిపిస్తుంది. కానీ ఫలక్‌నుమా, అఫ్జల్‌గంజ్ అన్నప్పుడు పళ్లు పెదవికి తగలాల్సిందే, ఎందుకంటే అవి ఉర్దూ ధ్వనులు. హైదరాబాద్‌లో చదివేవారికి ఈ రెండు 'ఫ'లూ వేరువేరుగా రావాలి. అలాగే మొజంజాహి మార్కెట్‌లోని మొదటి 'జ' జనం అనే మాటలోని 'జ' కాదు.

చ, జ లకు తెలుగులోనే రెండేసి పలుకులున్నాయి. చలి, చాప, చుట్టం, చొక్కా అన్నప్పుడు నాలుక పళ్ల దగ్గర ఉంటుంది. చిలుక, చెట్టు అన్నప్పుడు అంగిలి దగ్గర. జొన్న, జడ మొదటి రకం. జలం, జీవితం, చరిత్ర, చంద్రుడు సంస్కృతం నుంచి వచ్చాయి కాబట్టి రెండో రకం. అమ్మమ్మలు ఏ బడీ లేకుండానే ఇది సరిగ్గా పలుకుతారు, రోమన్ లిపిలో తెలుగు టైపు చేస్తూ పెరిగినవారికి సాధన కావాలి.

శ, ష, స: ఈ మూడింటికీ కలిపి ఒక వాక్యం తయారుచేసుకుని రోజూ చదవండి. 'శాసనసభ విశేష సమావేశం' అన్న మాటే సరిపోతుంది. ళ, ణ కూడా అంతే. పళ్ళు 'పల్లు' కాకూడదు, బాణం 'బానం' కాకూడదు. అనుమానం వస్తే శబ్దరత్నాకరమో, ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లోని నిఘంటువో తెరిచి చూడండి. మన ఊరి పేర్లకు మాత్రం నిఘంటువు పనికిరాదు. ఆ జిల్లా రిపోర్టరుకు ఫోన్ చేసి, స్థానికులు ఎలా పలుకుతారో రెండుసార్లు వినండి.

విరుపు అంటే ఏమిటి?

ఎక్కడ ఆగాలో తెలియడం. 'పోలీసులు, పారిపోతున్న దొంగను పట్టుకున్నారు' అన్నది వార్త. 'పోలీసులు పారిపోతున్న' దాకా ఒక ఊపిరిలో చదివి ఆగితే పోలీసులే పారిపోయినట్టు అయింది. అక్షరం తప్పు లేదు, ఉచ్చారణ తప్పు లేదు, వార్త మాత్రం తలకిందులైంది. అందుకే చదవబోయే కాగితం మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోవాలి: చిన్న ఆపుకు ఒక గీత, పెద్ద ఆపుకు రెండు గీతలు, నొక్కి పలకాల్సిన మాట కింద గీత. వాక్యానికి ఒక్క మాటకంటే ఎక్కువ నొక్కవద్దు. అన్నీ నొక్కితే ఏదీ నొక్కనట్టే.

నిమిషానికి ఎన్ని మాటలు చదవాలి?

సుమారు 100 నుంచి 120. ఇంగ్లిష్ రీడర్ల వేగం 150 అని చూసి దాన్ని అందుకోవాలని ప్రయత్నించవద్దు. మన మాటల్లో విభక్తులు, సంధులు కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఒక్కో మాట పొడవు ఎక్కువ. 'పునరావాసకేంద్రాలకు' అన్నది ఒక్క మాటే, కానీ పలకడానికి పట్టే సమయం వేరు. 30 సెకన్ల యాంకర్ లీడ్ (వార్తకు ముందు యాంకర్ చదివే పరిచయం) అడిగితే 50, 55 మాటలు రాయండి.

చదవడానికి రాసే వాక్యం ఎలా ఉండాలి?

ఏజెన్సీ నుంచో, డెస్క్ నుంచో ఇలాంటిది వస్తుందనుకోండి: 'నిన్న రాత్రి కురిసిన భారీ వర్షానికి మూసీ పరీవాహక ప్రాంతంలోని లోతట్టు కాలనీల్లోకి వరద నీరు చేరడంతో అప్రమత్తమైన అధికారులు సుమారు 300 కుటుంబాలను పునరావాస కేంద్రాలకు తరలించారు.' పత్రికలో నడుస్తుంది. నోటితో చదివితే 'అధికారులు' దగ్గరికొచ్చేసరికి ఊపిరి అయిపోతుంది, వినేవారికి మొదటి సగం మరపుకొస్తుంది.

దాన్ని ఇలా మార్చాలి: 'మూసీ ఒడ్డున ఉన్న కాలనీల్లోకి వరద నీరు చేరింది. దాదాపు మూడు వందల కుటుంబాలను పునరావాస కేంద్రాలకు తరలించారు. నిన్న రాత్రి కురిసిన భారీ వానే ఇందుకు కారణం.' ఒక్కో వాక్యం ఎనిమిది మాటల లోపే ఉంది, ప్రతి క్రియకూ చోటు దొరికింది. 'అప్రమత్తమైన' పోయింది, ఎందుకంటే తరలించారంటేనే అప్రమత్తమైనట్టు.

అంకెలు అక్షరాల్లో రాసుకోండి. ప్రాంప్టర్ మీద 1,27,540 కనిపిస్తే నాలుక తడబడుతుంది. 'లక్షా ఇరవై ఏడు వేలకు పైగా' అంటే వినేవారికీ అందుతుంది. తేదీ, సమయం కూడా అంతే. 'తెల్లవారుజామున నాలుగున్నరకు' అంటే చాలు.

ప్రాంప్టర్ ఎలా పనిచేస్తుంది? దాంతో వచ్చే ఇబ్బందులేమిటి?

కెమెరా లెన్స్ ముందు 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉంటుంది. దాని కింద మానిటర్ పడుకోబెట్టి ఉంటుంది. అందులో అక్షరాలు అద్దంలోలా తిరగబడి వస్తాయి, అద్దంలో ప్రతిఫలించి మీకు సరిగ్గా కనిపిస్తాయి. కెమెరాకు మాత్రం అద్దం ఆవల మీరే కనిపిస్తారు. వెనకనుంచి వెలుగు రాకుండా నల్లగుడ్డ కప్పుతారు. ఆ గుడ్డ జరిగితే అక్షరాలు పాలిపోతాయి.

ఎక్కువగా వచ్చే ఇబ్బంది, కళ్లు ఎడమ నుంచి కుడికి పరుగెత్తడం ప్రేక్షకుడికి కనిపించడం. వరస వెడల్పు ఎక్కువైతేనో, కెమెరా మరీ దగ్గరగా ఉంటేనో ఇలా అవుతుంది. తెలుగులో వరసకు మూడు నాలుగు మాటలు మించకుండా మార్జిన్ తగ్గించమనండి, కెమెరా ఎనిమిది పది అడుగుల దూరంలో ఉండేలా చూడండి.

రెండోది ఫాంట్. స్క్రిప్టు అను ఫాంట్లలో (అచ్చుపనికి వాడే పాత పద్ధతి తెలుగు ఫాంట్లు) టైపు చేసి, ప్రాంప్టర్ యూనికోడ్‌లో (ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే పద్ధతి) ఉంటే మార్పిడిలో ఒత్తులు చెదిరిపోతాయి. ర వత్తు, క్ష, విసర్గ ముందుగా దెబ్బతింటాయి. బులెటిన్‌కు పది నిమిషాల ముందు ముఖ్యాంశాలైనా ప్రాంప్టర్ మీదే ఒకసారి చూసుకోవాలి.

మూడోది వేగం. ఆపరేటర్ మీ వెనక రావాలి, మీరు ఆపరేటర్ వెనక పోకూడదు. అక్షరాలు వేగంగా వస్తున్నాయని మీరు తొందరపడితే, మీరు తొందరపడుతున్నారని ఆపరేటర్ ఇంకా వేగం పెంచుతారు. అలా అయినప్పుడు ఒక చుక్క దగ్గర పూర్తిగా ఆగి ఊపిరి తీసుకోండి. ఆపరేటర్‌కు అదే సైగ. ఏం జరిగినా చేతిలో కాగితాలు ఉండాలి, ప్రతి వార్తకూ వాటిని జరుపుతూ ఉండాలి. ప్రాంప్టర్ ఆగిన క్షణంలో చేతిలో మూడో వార్త కాగితం ఉండి, మీరు ఎనిమిదో వార్తలో ఉంటే కాగితాలున్నా లేనట్టే.

ఇయర్‌పీస్‌లో మాట్లాడుతుంటే ఎలా చదవడం?

ఇంట్లో అభ్యాసం చేయవచ్చు. ఒక చెవిలో రేడియో పెట్టుకుని పత్రిక పైకి చదవండి. మొదట పాటలు, తర్వాత మాటలు, ఆ తర్వాత మరో వార్తల ప్రసారం. పీసీఆర్ (ప్రసారాన్ని నడిపే కంట్రోల్ రూమ్) నుంచి ఇయర్‌పీస్‌లో వచ్చే మాటకు తల ఊపడం, కనుబొమలు కదపడం చేయకూడదు. 'ఐదు, నాలుగు, మూడు' అని వెనక్కి లెక్క వినిపిస్తే వాక్యం సున్నాకు ముందే ముగిసేలా చూసుకోవాలి.

లైవ్‌లో చట్టపరంగా ఏ జాగ్రత్తలు తప్పనిసరి?

లైంగిక దాడి బాధితుల పేరు, గుర్తుపట్టే వివరం ఏదీ చెప్పకూడదు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్, పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ దీన్ని నేరంగా చెబుతున్నాయి. పేరు చెప్పకుండా వీధి పేరు, బడి పేరు, తండ్రి చేసే పని చెప్పినా గుర్తుపట్టించినట్టే. ఫోనోలో రిపోర్టర్ నోరు జారితే వెంటనే మాట మార్చి, పీసీఆర్‌కు చెప్పి తర్వాతి బులెటిన్లలో ఆ ముక్క రాకుండా చూడాలి. నేరం చేశారన్న ఆరోపణ ఉన్న మైనర్లకూ బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఇదే రక్షణ ఉంది.

ఎన్నికలప్పుడు పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ప్రచారానికి ఉపయోగపడేది ఏదీ చూపకూడదు. ఎగ్జిట్ పోల్స్‌కు ఎన్నికల సంఘం ప్రకటించిన గడువు దాటాలి.

మరణవార్తకు చట్టం అక్కర్లేదు, నియమం కావాలి. కుటుంబం నుంచో, ఆస్పత్రి బులెటిన్ నుంచో ధ్రువపడేదాకా చదవకూడదు. పక్క ఛానల్ స్క్రోలింగ్‌లో వచ్చింది కదా అన్నది ఆధారం కాదు. బతికి ఉన్న మనిషిని చంపిన వార్తకు సవరణ చెప్పినా, ఆ ఇంట్లోవారు ఆ అరగంటలో పడిన బాధ తిరిగిరాదు.

ఏ బట్టలు వేసుకోవాలి?

వెనక గ్రీన్ మ్యాట్ ఉంటే ఆకుపచ్చ, చిలకపచ్చ వద్దు, ఆ భాగం మాయమై వెనక బొమ్మ కనిపిస్తుంది. సన్న గళ్లు, సన్న చారలు తెర మీద అలల్లా కదులుతాయి. తెల్లచొక్కా మీద లైటు పడితే ముఖం నల్లబడుతుంది, దానికంటే లేత నీలమో గోధుమ రంగో మేలు. చీరకు పెద్ద జరీ ఉంటే మైకుకు రాసుకుని గరగర వస్తుంది. కాటన్, మామూలు పట్టు నయం. లేపల్ మైకును (దుస్తులకు తగిలించే చిన్న మైకు) గడ్డానికి జానెడు కింద, గొలుసు తగలనంత దూరంలో పెట్టించుకోండి.

గొంతు కాపాడుకోవడం ఎలా?

నీళ్లు. స్టూడియో ఏసీ గొంతును ఎండబెడుతుంది కాబట్టి బులెటిన్‌కు గంట ముందు నుంచే గుక్కగుక్కగా తాగాలి. మిరియాల కషాయం, తేనె హాయిగా ఉంటాయి కానీ అవి స్వరతంతువులకు నేరుగా తగలవు, మింగింది అన్ననాళంలోకి పోతుంది. ఆవిరి పట్టడం మాత్రం అక్కడిదాకా చేరుతుంది. గొంతు బొంగురుపోతే గుసగుసగా మాట్లాడటం తప్పు, దానివల్ల ఒత్తిడి ఇంకా పెరగవచ్చు. మౌనంగా ఉండాలి. మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

తెలంగాణ యాసలో వార్తలు చదవవచ్చా?

వీ6 'తీన్మార్' కార్యక్రమం ఆ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పింది. యాస తప్పు కాదు, కలగాపులగం తప్పు. ఒక వాక్యంలో 'చెప్పిండు', తర్వాతి వాక్యంలో 'పేర్కొన్నారు' అంటే రెండు గొంతులు మాట్లాడినట్టు ఉంటుంది. బులెటిన్‌కు ఏ భాష నిర్ణయించారో చివరిదాకా దానిలోనే ఉండండి. రాని యాసను నటించవద్దు, వరంగల్ వారికి, పాలమూరు వారికి క్షణంలో తెలిసిపోతుంది.

పని వేళలు ఎలా ఉంటాయి?

ఆరు గంటల బులెటిన్ చదవాలంటే ఐదుకు మేకప్‌లో ఉండాలి, నాలుగుకు ఇంటినుంచి బయలుదేరాలి. షిఫ్టులు వారం వారం మారతాయి. పండగలకు సెలవు దొరకదు. ఛానళ్లు ఎక్కువగా బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు ఉన్నాయి కాబట్టి రాత్రి షిఫ్టుకు క్యాబ్ ఇస్తారో లేదో చేరేముందే అడిగి, ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి.

ఉద్యోగంలో ఉంటూ పుస్తకం రాయవచ్చా?

ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో పూర్తిగా సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన రచనలకు ముందస్తు అనుమతి అక్కర్లేదని ఉంది. ఆఫీసు విషయాలో, ప్రభుత్వ విధానం మీద విమర్శో ఉంటే సంగతి వేరు. ప్రైవేటు ఛానల్‌లో మీ ఒప్పందం చదవండి. 'ఉద్యోగ కాలంలో సృష్టించిన ప్రతి రచనా సంస్థదే' అని రాసి ఉంటే, నవలకు మినహాయింపు రాతపూర్వకంగా తీసుకోండి.

మీరు రాసిన బులెటిన్లను, ప్రోగ్రామ్ స్క్రిప్టులను పుస్తకంగా వేయాలంటే సంస్థ అనుమతి కావాలి. ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి హక్కుదారు యజమానే.

వార్తల భాష నవలకు అక్కరకొస్తుందా?

సగం వస్తుంది. చిన్న వాక్యం, అనవసరపు మాట లేకపోవడం, చెవికి వినిపించే లయ న్యూస్ రీడర్‌కు ఉద్యోగమే నేర్పి ఉంటుంది. కానీ వార్తలో అన్నిటికన్నా ముఖ్యమైనది మొదటి వరసలో చెప్పేస్తాం. నవలలో అలా చెప్పేస్తే చదివేవాడికి పేజీ తిప్పే పని ఉండదు. 'భావోద్వేగానికి లోనయ్యారు', 'కన్నీటి పర్యంతమయ్యారు' లాంటి బులెటిన్ పడికట్టు మాటలు కూడా తెలియకుండా దొర్లుతాయి. రాతప్రతి పూర్తయ్యాక అలాంటి మాటలన్నీ వెతికి, ఆ చోట ఆ మనిషి నిజంగా ఏం చేశాడో రాయండి. చేతిరుమాలు మడత పెట్టాడా, చెంబెడు నీళ్లు గటగటా తాగాడా.

పుస్తకం అచ్చు వేయించడం ఎలా?

మన పుస్తకాలు ఎక్కువగా 1/8 డెమీ సైజులో, అంటే సుమారు ఐదున్నర, ఎనిమిదిన్నర అంగుళాల్లో వస్తాయి. పేజీకి 200 పైచిలుకు మాటలు పడతాయి. 40 వేల మాటల నవల 190 పేజీల దగ్గర తేలుతుంది. అచ్చు ఫారాల లెక్కన నడుస్తుంది, ఫారానికి 16 పేజీలు. కాబట్టి 192 పేజీలకు, అంటే 12 ఫారాలకు, సర్దుకోవడం లాభం. 195 అయితే మూడు పేజీల కోసం మరో ఫారానికి కాగితం, ప్లేటు ఖర్చు పడుతుంది. లోపలి కాగితం 70 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో), అట్ట 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు చాలు.

డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు పేర్చే పని) చిక్కడపల్లి, నారాయణగూడ, విద్యానగర్ ప్రాంతాల్లో చేస్తారు. అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో చేయిస్తే అచ్చుకు ఇబ్బంది లేదు కానీ రేపు ఈబుక్ చేయాలంటే మళ్లీ మొదటికొస్తుంది. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తో చేయించడం మేలు. అయితే అందులో వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయకపోతే ఒత్తులు విడిపోయి పక్కపక్కన పడతాయి. ప్రూఫు కనీసం మూడుసార్లు చూడాలి, అందులో ఒకసారి మీరు కాకుండా వేరొకరు. చివరి ప్రూఫు కాగితం మీదే చూడండి, తెర మీద దాక్కున్న తప్పులు అక్కడ బయటపడతాయి.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ పోర్టల్‌లో రచయిత కూడా స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. సంఖ్య వచ్చాకే అట్ట ఖరారు చేయండి, లేదంటే బార్‌కోడ్ కోసం అట్ట మళ్లీ వేయాల్సి వస్తుంది. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ప్రతి పంపాలి, చెన్నై కన్నెమరా, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకూ పంపాలి. సొంతంగా వేసుకున్నవారు దీన్ని తరచూ మరిచిపోతారు.

అమ్మకం సంగతి?

పంపిణీదారులు ముఖవిలువ మీద 40 నుంచి 50 శాతం దాకా కమిషన్ అడుగుతారు, డబ్బు అమ్మాక వస్తుంది. అందుకే ధర నిర్ణయించేటప్పుడు ఒక్కో ప్రతికి పడిన ఖర్చును కనీసం మూడుతో గుణించండి. మొదటిసారి 500 కంటే ఎక్కువ వేయవద్దు. టీవీలో ముఖం తెలుసు కాబట్టి పుస్తకం దానంతటదే అమ్ముడుపోతుందనుకుని రెండు వేలు వేయించి, కట్టలు మంచం కింద పెట్టుకున్నవారు ఈ ఊళ్లో తక్కువేం కాదు. చూసేవారు వేరు, కొని చదివేవారు వేరు. ఆవిష్కరణకు చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం అందుబాటులో ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం డిసెంబరులో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్. పుస్తకం నవంబరు చివరికల్లా బైండింగ్ నుంచి రావాలి. అంటే రాతప్రతి ఆగస్టులోనే డీటీపీకి వెళ్లాలి.

ఏఐ యాంకర్లు వచ్చాక ఈ వృత్తి ఉంటుందా?

2024లో డీడీ కిసాన్ కృత్రిమ మేధ యాంకర్లను తెర మీదికి తెచ్చింది. వాతావరణం, మార్కెట్ ధరల వంటివి చదవడం యంత్రానికి తేలిక. ఫోనోలో రిపోర్టర్ చెప్పింది పొంతన లేకుండా ఉన్నప్పుడు అక్కడికక్కడే పట్టుకుని ఎదురు ప్రశ్న వేయడం, ధ్రువపడని మరణవార్తను ఆపడం మనిషి చేయాల్సిన పనులు. కేవలం చదవడమే వచ్చినవారికి పని తగ్గుతుంది. సొంతంగా రాయగలిగినవారికి, ప్రశ్నించగలిగినవారికి తగ్గదు.

ఇంట్లోనే ఎలా మొదలుపెట్టాలి?

ఫోన్‌ను కళ్ల ఎత్తులో, ఆరడుగుల దూరంలో నిలబెట్టండి. పొద్దున పత్రికలోంచి ఐదు వార్తలు తీసుకుని, ఒక్కొక్కటి యాభై మాటల్లో తిరిగి రాయండి. పెన్సిల్ గుర్తులు పెట్టి, చదివి, రికార్డు చేయండి. మొదటిసారి బొమ్మ చూడకుండా గొంతు మాత్రమే వినండి, ఒత్తులు పోయిన మాటలను నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండోసారి గొంతు ఆపేసి బొమ్మ మాత్రమే చూడండి, వాక్యం చివర మీ కళ్లు ఎక్కడున్నాయో గమనించండి. నోట్‌బుక్‌లో రాసుకున్న మాటలతో మర్నాడు సాధన మొదలుపెట్టండి.